పులి మీద చెప్పిన వాదన బల్లికి సరిపోతుందా? ఎగ్జాటిక్ పెట్స్ చర్చను విప్పి చదవడం

"అడవిలో ఉండాల్సిన జంతువును ఇంట్లో పెట్టుకోవడం క్రూరత్వం."

"అది పుట్టిందే మనిషి చేతుల్లో. దానికి అడవి సంగతి ఏం తెలుసు?"

ఎగ్జాటిక్ పెట్స్ మీద చర్చ ఎక్కడ మొదలైనా ఈ రెండు మాటలూ ఎదురవుతాయి. విడివిడిగా చదివితే రెండూ సబబుగానే తోస్తాయి. అందుకే చాలామంది ఆఖరున చదివిన వ్యాసం ఏం చెబితే దాన్నే నమ్మి ఆగిపోతారు. కొండచిలువ తప్పించుకుందనో, చిలుకల అక్రమ రవాణా పట్టుబడిందనో వార్త వచ్చినప్పుడల్లా ఇవే వాదనలు మళ్ళీ రేగుతాయి, మళ్ళీ ఎక్కడివక్కడే మిగులుతాయి.

రెండు పక్షాల రాతలూ కొన్నేళ్ళుగా చదువుతున్నాను. నాకు పదే పదే కనిపించిన లోపం ఒకటుంది. ఒక జంతువు విషయంలో రుజువైన సంగతిని చడీచప్పుడు లేకుండా ఇంకో జంతువు మీదికి జరిపేస్తారు. వ్యతిరేకించేవాళ్ళు చింపాంజీతో మొదలుపెట్టి బల్లి దాకా వస్తారు. సమర్థించేవాళ్ళు బల్లితో మొదలుపెట్టి చిలుక దాకా వెళ్తారు. ఆ జరిపిన చోటు ఎక్కడో పట్టుకోగలిగితే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ఒక్క పేరు కింద ఎన్ని జంతువులు

ఎగ్జాటిక్ పెట్ అనే మాటకు అందరూ ఒప్పుకున్న నిర్వచనం లేదు. చాలామంది పశువైద్యులు కుక్క, పిల్లి, పాడి పశువులు కాని దేన్నైనా అలాగే పిలుస్తారు. ఆ లెక్కన కుందేలు కూడా ఎగ్జాటిక్కే. పర్యావరణం గురించి రాసేవాళ్ళకు అది బయటి ప్రాంతం నుంచి తెచ్చిన జాతి. మామూలు మాటల్లో అయితే "ఇళ్ళలో సాధారణంగా కనిపించని జంతువు" అని అర్థం. ఒకే వ్యాసంలో మొదటి పేరాలో ఒక అర్థం, చివరి పేరాలో మరో అర్థం రావడం నేను చాలాసార్లు చూశాను.

పులి, చింపాంజీ, ఆఫ్రికన్ గ్రే చిలుక, బాల్ పైథాన్, లెపర్డ్ గెకో అనే చిన్న బల్లి, టరాంటులా సాలీడు. ఈ ఆరింటినీ కలిపి ఏ ఒక్క వాక్యం చెప్పినా అది వీటిలో కొన్నింటికి తప్పవుతుంది. పులి మనిషిని చంపగలదు, గెకో చంపలేదు. చిలుక గుంపులో బతికే పక్షి, సాలీడు ఒంటరిగా ఉంటుంది. గెకో బాగా చూసుకుంటే పదిహేను ఇరవై ఏళ్ళు ఉంటుంది. బాల్ పైథాన్ ఎంతకాలం బతకగలదో చెప్పాలంటే, అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో 60 ఏళ్ళు దాటిన ఒక ఆడపాము 2020లో గుడ్లు పెట్టింది.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు అంటాం. ఆ మాట నిజమే, ఎందుకంటే గిన్నెలోని బియ్యమంతా ఒకే రకం, ఒకే నీళ్ళలో ఒకే మంట మీద ఉడికింది. ఇక్కడ గిన్నె ఒకటి కాదు. ఉదాహరణగా ఇచ్చిన జంతువు, నిర్ధారణలో ఉన్న జంతువు ఒకే గిన్నెలోవా అన్నది ఏ వాదనలోనైనా ముందు చూడాల్సిన సంగతి.

మచ్చిక, పెంపకంలో పుట్టుక, పెంపుడు జాతి

ఈ మూడింటినీ కలిపేయడం వల్ల పుట్టే గందరగోళం తక్కువేమీ కాదు. మచ్చిక అంటే ఒక జంతువు తన జీవితకాలంలో మనిషికి అలవాటుపడటం. పెంపకంలో పుట్టడం అంటే దాన్ని అడవి నుంచి పట్టి తేలేదని మాత్రమే. దాని తల్లిదండ్రులు, తాతముత్తాతలు అడవి జాతివే కావచ్చు. పెంపుడు జాతి కావడం అంటే తరతరాల ఎంపిక వల్ల పుట్టుకతోనే స్వభావం, శరీరం మారిపోవడం. కుక్క కనీసం 15,000 ఏళ్ళుగా మనిషితో ఉండి అలా మారింది.

"ఇది ఇక్కడే పుట్టింది కాబట్టి కుక్కలాంటిదే" అనే వాదన రెండో అర్థం నుంచి మూడో అర్థానికి దూకుతోంది. అలా దూకడాన్ని సమర్థించడానికి తరచూ చూపే ఆధారం రష్యా నక్కల ప్రయోగం. సోవియట్ జన్యుశాస్త్రవేత్త ద్మిత్రీ బెల్యాయెవ్ 1959లో నోవోసిబిర్స్క్ దగ్గర దాన్ని మొదలుపెట్టాడు. ప్రతి తరంలోనూ మనిషిని చూసి తక్కువ బెదిరే నక్కలకే పిల్లలు పుట్టేలా చూశారు. కొద్ది తరాల్లోనే మనిషి వస్తే తోక ఊపే నక్కలు వచ్చాయి, కొన్నింటికి చెవులు వాలాయి, ఒంటి మీద మచ్చలు కనిపించాయి.

గొప్ప ప్రయోగమే. కానీ 2019లో కొందరు పరిశోధకులు దాని మీద ఒక ముఖ్యమైన అభ్యంతరం లేవనెత్తారు. ఆ నక్కల పూర్వీకులు నేరుగా అడవి నుంచి వచ్చినవి కావు. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో బొచ్చు కోసం అప్పటికే దశాబ్దాలుగా ఫారాల్లో పెంచిన నక్కల సంతతి అవి. మచ్చల్లాంటి కొన్ని లక్షణాలు ప్రయోగానికి ముందే వాటిలో ఉన్నాయి. స్వభావాన్ని ఎంపికతో మార్చవచ్చు అన్న మాట ఇప్పటికీ నిలుస్తుంది. "ఏ అడవి జంతువైనా కొద్ది తరాల్లో పెంపుడుదవుతుంది" అన్న మాట మాత్రం ఆ ప్రయోగం నుంచి రాదు.

పైగా అక్కడ ఎంపిక జరిగింది స్వభావం కోసం. బాల్ పైథాన్లను అమ్మకానికి పెంచేవాళ్ళు ఎక్కువగా రంగు కోసం, ఒంటి మీద గీతల కోసం ఎంపిక చేస్తారు. ఆ ఎంపిక పామును శాంతంగా మారుస్తుందని అనుకోవడానికి కారణం లేదు. "స్పైడర్" అని పిలిచే రకంలో ఆ డిజైన్‌తోపాటే తల వణికే నరాల లోపం కూడా వస్తోంది. పెంపకంలో పుట్టడమే క్షేమానికి హామీ అనేవాళ్ళు జవాబు చెప్పాల్సిన ఉదాహరణ ఇది.

వాదనలో దాగిన మెట్టు

రాతలో ఉన్న వాదనను విప్పడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. రచయిత మనల్ని ఏం ఒప్పుకోమంటున్నాడు? అది నిర్ధారణ. ఎందుకు ఒప్పుకోవాలి? అది కారణం. ఆ కారణం నిజమని ఎలా తెలుసు? అది ఆధారం. వీటి మధ్య చెప్పకుండా వదిలేసిన మెట్టు ఒకటి దాదాపు ప్రతి వాదనలోనూ ఉంటుంది. చిక్కంతా దాంతోనే.

ఈ చర్చలో మామూలుగా కనిపించే తరహాలో ఒక పేరా రాసి చూద్దాం:

"2009లో అమెరికాలోని కనెక్టికట్‌లో, చిన్నప్పటి నుంచీ ఇంట్లోనే పెరిగిన ఒక చింపాంజీ తన యజమానురాలి స్నేహితురాలి మీద పడి ముఖాన్ని, చేతుల్ని ఛిద్రం చేసింది. అడవి జంతువు స్వభావం ఎప్పుడు బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఎగ్జాటిక్ పెట్స్ అన్నింటినీ నిషేధించాలి."

ఇందులో ఆధారం నిజం. ఆ సంఘటన జరిగింది. కారణంలో కూడా బలం ఉంది, పెద్ద వానరాల విషయంలో. దాగిన మెట్టు ఏమిటంటే: "చింపాంజీకి వర్తించే ప్రమాదం అన్ని ఎగ్జాటిక్ జంతువులకూ వర్తిస్తుంది." దాన్ని పైకి రాసి చూస్తే ఎవరూ ఒప్పుకోరు. గెకోకు ఎంత కోపం వచ్చినా మనిషి ముఖం ఛిద్రం కాదు.

మెట్టు విరిగింది కాబట్టి వాదన మొత్తం చెత్త అని వదిలేయడం కూడా పొరపాటే. నిర్ధారణను ఆధారానికి తగ్గ కొలతకు కుదిస్తే అది గట్టిగా నిలబడుతుంది: "ప్రేమగా పెంచినంత మాత్రాన ఎదిగిన చింపాంజీ వల్ల వచ్చే ప్రమాదం పోదు, కాబట్టి ఇళ్ళలో దాన్ని ఉంచనివ్వకూడదు." కొన్ని చట్టాలు ఇలా కుదించిన వాదన మీదే నిలబడ్డాయి. 2011లో ఒహాయోలోని జేన్స్‌విల్ దగ్గర ఒక యజమాని పులులు, సింహాలు, ఎలుగుబంట్లతో సహా దాదాపు 50 జంతువుల్ని వదిలేసి ఆత్మహత్య చేసుకున్నాడు. పోలీసులు వాటిలో చాలావాటిని కాల్చి చంపాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం ప్రమాదకరమైన అడవి జంతువుల మీద చట్టం చేసింది. 2022 డిసెంబరులో అమెరికా దేశమంతటికీ వర్తించేలా పులి, సింహం లాంటి పెద్ద పిల్లి జాతి జంతువుల్ని పెంపుడు జంతువులుగా ఉంచుకోవడాన్ని నిషేధించింది. ఆ చట్టంలో గెకో ప్రస్తావన లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

75 శాతమా, 3.6 శాతమా

అంకె కనిపించగానే వాదనకు బలం వచ్చినట్టు అనిపిస్తుంది. ఈ చర్చలో నాకు తెలిసి ఎక్కువ పాఠం నేర్పే అంకెలు ఈ రెండూ.

2012లో బ్రిటన్‌లో వచ్చిన ఒక వ్యాసం ప్రకారం, ఇళ్ళలో పెంచే సరీసృపాల్లో కనీసం 75 శాతం మొదటి ఏడాదిలోనే చనిపోతాయి. 2015లో మరో పరిశోధన బృందం పెంచేవాళ్ళను అడిగి లెక్క తీసింది. తెచ్చుకున్న మొదటి ఏడాదిలో చనిపోయినవి మొత్తం మీద 3.6 శాతం అని తేలింది. ఇరవై రెట్ల తేడా. మొదటి అంకె చదివిన రోజు నేను దాన్ని వెంటనే నమ్మాను. నాకు అప్పటికే ఉన్న అభిప్రాయానికి అది సరిపోయింది కాబట్టి, ఎలా లెక్కపెట్టారో చూడాలన్న ఆలోచన కూడా రాలేదు.

మొదటిది ఒక్కో జంతువును వెంబడించి లెక్కపెట్టిన అంకె కాదు. ఎన్ని వచ్చాయి, ఇళ్ళలో ఎన్ని ఉన్నాయి లాంటి మొత్తాలను ఎదురెదురుగా పెట్టి వేసిన అంచనా. అలాంటి అంచనాలో ఎక్కడ పొరపాటు రావచ్చో ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక ఏడాదిలో 1,000 జంతువులు అమ్ముడయ్యాయి. ఇళ్ళలో ఉన్న సంఖ్య 400 మాత్రమే పెరిగింది. మిగతా 600 ఏమయ్యాయి? చనిపోయి ఉండవచ్చు. ఒకరి నుంచి ఒకరికి చేతులు మారి రెండుసార్లు లెక్కలోకి వచ్చి ఉండవచ్చు, వేరే దేశానికి వెళ్ళి ఉండవచ్చు, తప్పించుకుని ఉండవచ్చు, అసలు ఇళ్ళ లెక్కే తక్కువ పడి ఉండవచ్చు. ఆ 600నూ చావుల కింద రాస్తే అంకె ఉబ్బుతుంది.

రెండోదానికి వేరే బలహీనత ఉంది. సమాధానాలు ఇచ్చింది సరీసృపాల ప్రదర్శనలకు వచ్చే ఆసక్తిపరులు. మళ్ళీ ఊహించిన అంకెలే: 100 జంతువులు అమ్ముడైతే 20 అనుభవం ఉన్నవాళ్ళ దగ్గరికి, 80 కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్ళాయి అనుకుందాం. అనుభవజ్ఞుల దగ్గర ఒకటి, కొత్తవాళ్ళ దగ్గర 32 చనిపోయాయి. మొత్తం 33 శాతం. ప్రదర్శనకు వచ్చినవాళ్ళను మాత్రమే అడిగితే మనకు కనిపించేది 5 శాతం. మొదటి బల్లి చనిపోగానే విసిగిపోయి ఆ హాబీ వదిలేసినవాళ్ళు ప్రదర్శనకు రారు కదా. ఇంకో సంగతి, తన నిర్లక్ష్యం వల్ల పోయిందని పైకి చెప్పడానికి మనిషి జంకుతాడు. ఈ రెండో ఇబ్బందిని తగ్గించడానికి ఆ పరిశోధకులు ఎవరు ఏం చెప్పారో తెలియకుండా ఉండే ప్రత్యేక పద్ధతిలో ప్రశ్నలు అడిగారు. దానివల్ల జంకు తగ్గుతుంది, రానివాళ్ళు మాత్రం రానట్టే.

రెండు అంకెలూ "సరీసృపాలు" అనే గంపగుత్త మాట మీదే నిలబడ్డాయి. అతినీలలోహిత కాంతి సరిపడా అందకపోతే ఊసరవెల్లి, ఇగ్వానా లాంటివాటికి ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. కార్న్ స్నేక్ అనే పాము చాలా తప్పుల్ని ఓర్చుకుంటుంది. అన్నింటినీ కలిపిన సగటు ఏ జంతువు గురించీ సరిగ్గా చెప్పదు. నా అభిప్రాయం అడిగితే, 75ను వాడే వ్యాసం అది అంచనా అని చెప్పాలి, 3.6ను వాడే వ్యాసం ఎవరిని అడిగారో చెప్పాలి. ఆ ఒక్క ముక్క రాయని వ్యాసంలో మిగతా అంకెల్ని కూడా నేను జాగ్రత్తగానే చదువుతాను.

"కుక్కల వల్లే ఎక్కువ ప్రమాదం" అనే జవాబు

ఇది సమర్థించేవాళ్ళకు ఇష్టమైన పోలిక. మొత్తాలను చూస్తే నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల్లో రేబిస్ వల్ల ఏటా దాదాపు 59,000 మంది చనిపోతున్నారు, మనుషులకు సోకే కేసుల్లో 99 శాతం దాకా కుక్కల నుంచే.

కానీ కుక్కలు ఎన్ని ఉన్నాయో కూడా చూడాలి. 10 లక్షల ఇళ్ళలో కుక్కలుండి ఏడాదికి 5,000 మందిని కరిచాయని, 2,000 ఇళ్ళలో కోతులుండి 100 మందిని కరిచాయని ఊహిద్దాం. మొత్తంలో కుక్కలది 50 రెట్లు ఎక్కువ. ఇంటింటికీ చూస్తే కుక్క ఉన్న 200 ఇళ్ళకు ఒక కాటు, కోతి ఉన్న 20 ఇళ్ళకు ఒక కాటు. దేశానికి ఎంత భారం అన్న ప్రశ్నకు మొదటి లెక్క, ఒక కుటుంబం కోతిని తెచ్చుకోవాలా అన్న ప్రశ్నకు రెండో లెక్క పనికొస్తాయి. ఒక ప్రశ్నకు ఇంకో ప్రశ్న లెక్కను జవాబుగా ఇస్తున్నారా అని చూడటమే ఇక్కడ పని.

కాటుతో ఆగని ప్రమాదాలూ ఉన్నాయి. 2003లో అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో ఎంపాక్స్ సోకింది. ఘానా నుంచి తెచ్చిన చిన్న జంతువుల పక్కన ఉంచిన ప్రెయిరీ డాగ్స్ అనే ఉడత జాతి జంతువులకు అంటుకుని, వాటి నుంచి మనుషులకు వచ్చింది. ఆఫ్రికా బయట మనుషుల్లో ఆ జబ్బు కనిపించడం అదే మొదటిసారి. ఇలాంటి అరుదైన ఘటన ఏడాది సగటులో దాదాపు కనిపించదు.

ఎవర్‌గ్లేడ్స్‌లో కారణాన్ని ఎలా నిలబెట్టారు

ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో ఇప్పుడు బర్మీస్ పైథాన్లు స్థిరపడ్డాయి. అవి ఆ నేలవి కావు, పెంపుడు జంతువుల వ్యాపారం ద్వారా వచ్చినవి. 2012లో వచ్చిన ఒక అధ్యయనం రోడ్ల మీద రాత్రిపూట కనిపించే జంతువుల లెక్కల్ని పోల్చింది. 1990ల నాటితో పోలిస్తే రకూన్లు కనిపించడం 99.3 శాతం, అపోసమ్‌లు 98.9 శాతం, బాబ్‌క్యాట్ అనే అడవి పిల్లులు 87.5 శాతం తగ్గాయి.

పాములు పెరిగాయి, మిగతావి తగ్గాయి. ఇంతవరకే అయితే కాకతాళీయం అనడానికి చోటుంది. కాకి వాలినప్పుడే తాటిపండు రాలింది. జబ్బు వచ్చి ఉండవచ్చు, నీటిమట్టం మారి ఉండవచ్చు. ఈ అభ్యంతరం న్యాయమైనదే, అప్పట్లో వచ్చింది కూడా. దానికి జవాబు ఒక ప్రయోగం నుంచి దొరికింది. పరిశోధకులు చిత్తడి కుందేళ్ళకు రేడియో పరికరాలు తగిలించి ఆ ప్రాంతంలో వదిలారు. 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, చనిపోయిన కుందేళ్ళలో 77 శాతం పైథాన్లకే ఆహారమయ్యాయి. పైథాన్లు లేని చోట్ల పరిస్థితితో పోల్చి చూశారు కూడా. రెండు సంగతులు ఒకే సమయంలో జరిగాయని చూపడానికీ, ఒకటి రెండోదానికి కారణమని చూపడానికీ మధ్య ఎంత పని ఉంటుందో తెలియాలంటే ఈ రెండు అధ్యయనాల్నీ వరసగా చదవాలి.

దీన్ని చూపించి "పాముల పెంపకం పర్యావరణానికి ముప్పు" అని ముగించే వ్యాసంలో మాత్రం పాత లోపమే మళ్ళీ వస్తుంది. వెచ్చని చిత్తడి నేలలో బర్మీస్ పైథాన్ బతికి సంతతిని పెంచుకోగలిగింది. గడ్డకట్టే చలి ఉండే ప్రాంతంలో అదే పాము తప్పించుకుంటే దానికి అలాంటి అవకాశం ఉండదు.

చేతులెత్తిన దేవాంగపిల్లి చుట్టం

వీడియో కూడా ఒక రకం ఆధారమే. దేవాంగపిల్లికి దగ్గరి చుట్టమైన స్లో లోరిస్‌ను ఎవరో గిలిగింతలు పెడుతుంటే అది రెండు చేతులూ పైకెత్తే వీడియోలను లక్షలమంది ముద్దుగా ఉందని చూశారు. దాని మోచేతి లోపలి వైపు ఒక గ్రంథి ఉంటుంది. ఆ స్రావాన్ని లాలాజలంతో కలుపుకుంటే దాని కాటు విషపూరితమవుతుంది. బెదిరినప్పుడు చేతులెత్తేది అందుకే. దృశ్యం నిజం, దానికి తగిలించిన అర్థం తప్పు. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం 2007లోనే స్లో లోరిస్‌లను అత్యంత కట్టుదిట్టమైన జాబితాలో చేర్చింది.

"పెంచడం వల్లే జాతి బతుకుతోంది"

ఈ వాదనకు గట్టి ఉదాహరణ ఉంది. స్పిక్స్ మకా అనే నీలి చిలుక బ్రెజిల్ అడవుల్లో కనిపించకుండా పోయింది. ప్రైవేటు సేకరణల్లో మిగిలిన పక్షుల సంతతి ఉండబట్టే 2022లో కొన్నింటిని తిరిగి అక్కడ వదలగలిగారు. అవే సేకరణల కోసం ఆ పక్షుల్ని పట్టడం అవి అంతరించడానికి ఒక కారణమన్నది కూడా అంతే నిజం. వ్యాసంలో ఈ రెండు వాక్యాల్లో ఒకటే కనిపిస్తే రెండోది ఎందుకు లేదో అడగాలి.

ఆక్సొలాటల్ కథ ఇంకోలా ఉంటుంది. ఈ ఉభయచరం ప్రపంచమంతటా అక్వేరియాల్లో, ప్రయోగశాలల్లో విరివిగా ఉంది. దాని సొంత ఇల్లయిన మెక్సికోలోని సోచిమిల్కో కాలువల్లో 1998లో చదరపు కిలోమీటరుకు దాదాపు 6,000 ఉంటే, 2014 నాటికి దాదాపు 36 మిగిలాయి. తొట్టెల్లో పెరిగిన సంఖ్య కాలువల్లో తరుగుదలను ఆపలేదు. "జాతి బతుకుతోంది" అన్నప్పుడు జీవులు బతకడమా, అవి ఉండాల్సిన చోట బతకడమా అన్నది ముందు తేల్చుకోవాలి.

రుజువు చేయాల్సింది ఎవరు

చట్టాల్లో రెండు పద్ధతులున్నాయి. ఒకదానిలో నిషేధించిన జాతుల జాబితా ఉంటుంది, అందులో లేనిదాన్ని పెంచుకోవచ్చు. రెండోదానిలో అనుమతించిన జాతుల జాబితా ఉంటుంది, అందులో లేనిదాన్ని పెంచకూడదు. బెల్జియంలో క్షీరదాలకు రెండో పద్ధతి నడుస్తోంది. నార్వే సరీసృపాల మీద దశాబ్దాలుగా ఉన్న నిషేధాన్ని 2017లో సడలించి 19 జాతుల్ని అనుమతించింది.

పైకి ఇది జాబితాల తేడాలా కనిపించినా లోపల ఉన్న ప్రశ్న వేరు. ఒక జాతి గురించి సరైన సమాచారం లేనప్పుడు ఏం చేయాలి? మొదటి పద్ధతిలో హాని జరుగుతుందని ప్రభుత్వం చూపాలి. రెండోదానిలో హాని జరగదని పెంచాలనుకునేవాళ్ళు చూపాలి. రెండు పక్షాలూ "ఆధారం లేదు" అనే మాటనే వాడుతూ వ్యతిరేక నిర్ధారణలకు ఎలా చేరతాయో ఇక్కడ అర్థమవుతుంది. మొదటి పద్ధతికి జాబితాలో లేని కొత్త జాతులు వస్తూనే ఉంటాయన్న ఇబ్బంది. రెండోదానికి, పెంచడం ఆపకుండా దొంగచాటుగా పెంచుతారని, అప్పుడు పశువైద్యుడి దగ్గరికి కూడా తీసుకురారని అభ్యంతరం. ఇవి రెండూ జవాబు చెప్పాల్సిన అభ్యంతరాలే.

ఆధారాలన్నీ ఒప్పుకున్నాక మిగిలే తగాదా

ఆఫ్రికన్ గ్రే చిలుకను తీసుకోండి. దాని వ్యాపారం మీద 2016లో సైటిస్ సభ్యదేశాలు గట్టి కట్టడి పెట్టాయి. ఇప్పటికే పెంపకంలో ఉన్న పక్షి సంగతి చూద్దాం. దానికి డేగ భయం లేదు, ఆకలి లేదు, జబ్బు చేస్తే వైద్యం ఉంది. నలభై యాభై ఏళ్ళు బతకవచ్చు. గుంపు లేదు, కిలోమీటర్ల కొద్దీ ఎగరడం లేదు. ఈ సంగతులన్నీ రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి. అయినా ఒకరు అది మంచి బతుకంటారు, ఇంకొకరు కాదంటారు. ఎన్ని ఏళ్ళ భద్రత ఎంత స్వేచ్ఛకు సమానమో చెప్పే కొలత ఏదీ లేదు. ఇది విలువల తగాదా. దాన్ని అంకెల తగాదాలా చూపించే వ్యాసాన్ని ఆ ఒక్క కారణంతోనే నేను తక్కువగా నమ్ముతాను.

ఆ తగాదాలో కూడా కొంత భాగాన్ని చూసి తెలుసుకోవచ్చు. పంజరాల్లోని చిలుకలు కొన్ని తమ ఈకల్ని తామే పీక్కుంటాయి, ఒంటి మీద చర్మం కనిపించేదాకా. గుంపుల్లో తిరిగే అడవి చిలుకల్లో ఆ అలవాటు దాదాపు కనిపించదు. వ్యతిరేకించే వ్యాసం దీన్ని పెంపకమే తప్పు అనడానికి ఆధారంగా చూపుతుంది. సమర్థించే వ్యాసం, ఈకలు పీక్కోని చిలుకలు కూడా బోలెడు ఉన్నాయని, తేడా పెంచే తీరులో ఉందని అంటుంది. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్నలు స్పష్టంగా ఉన్నాయి. వందలో ఎన్ని పీక్కుంటున్నాయి? జతతో, విశాలమైన చోట ఉన్నవాటిలో ఎన్ని, ఒంటరిగా చిన్న పంజరంలో ఉన్నవాటిలో ఎన్ని? ఆ లెక్క ఎవరి దగ్గర తీశారు?